రాతిపలకయు వెండిమొనయు

నెల పాఠము
మూలవాక్యము: 2 కొరింథీయులకు 3:3
ఇంటివద్ద చదువవలసిన భాగములు: యిర్మీయా 17:1, యోబు 19:23, 24, యెషయా 43:25, 49:16, లూకా 1:57–64, కొలొస్సయులకు 2:14, ఫిలేమోను 18, 19, యాకోబు 5:4



పరిశుద్ధ గ్రంథములో వ్రాతను గూర్చిన మాటలు చాల కలవు. దేవుడు రాతిమీద వ్రాసెను. ప్రవక్తలు పలకలమీద వ్రాసిరి. మన ప్రభువు ఒకసారి వంగి నేలమీద వ్రేలితో వ్రాసెను. అపొస్తలుడైన పౌలు కొరింథులోని విశ్వాసులనే క్రీస్తు వ్రాసిన పత్రికగా ఎంచి, ఆ వ్రాత సిరాతో వ్రాసినది కాదనియు, రాతిపలకలమీద గాక మెత్తని హృదయములమీద ఆత్మ వ్రాసినదనియు బోధించెను. ఇట్టి వచనములను గ్రహించుటకు మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములవారమైన మనకు ఒక సదుపాయము కలదు. రాతిపలక అనగా ఏమో మనకు వేరొకరు చెప్పనక్కరలేదు.

1. మన ప్రాంతపు రాయి

ఒకప్పుడు కర్నూలు జిల్లాలో చేరియుండిన మన ప్రాంతము, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు దానిలో కలిసినది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టబడెను. జిల్లాల పేర్లు మారినను మార్కాపురము పేరు చెప్పగానే జనులకు తోచునది పలకయే. తెలుగునాట ఎందరో పిల్లలు ఓనమాలు దిద్దిన పలకలు మన గనులలోని రాతినుండి వచ్చినవే.

ఈ రాయి మొదట మెత్తని బురద. నీటి అడుగున పొరమీద పొరగా పేరుకొని, పైబరువు వలనను భూమి లోపలి వేడి వలనను గట్టిపడి పలకరాయి ఆయెను. కంభము పేరుతోనే పిలువబడు ఈ రాతిపొరలు నూరు కోట్ల సంవత్సరములకు పైబడినవని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అంత గట్టిరాయి అయినను దానికొక గుణము కలదు. పొర యెటు పోవుచున్నదో కనిపెట్టి, అంచున ఉలి నిలిపి సుత్తితో మెల్లగా కొట్టినయెడల అది అట్టవలె చక్కగా విడిపోవును. పొరకు అడ్డముగా ఎంత బలముగా కొట్టినను ముక్కలగునే గాని పలక కాదు. అటుల విడదీసిన రేకును కొలతకు కోసి, నునుపుచేసి, కఱ్ఱచట్రములో బిగించినప్పుడు అది బడిపలక యగును.

బిడ్డలకు బోధించువారు ఈ పని చూచి నేర్చుకొనవలెను. బాలుడు నడువవలసిన త్రోవను అతనికి నేర్పుమని సామెతల గ్రంథము 22:6 చెప్పుచున్నది. ఒక బిడ్డ కథ వినుటవలన నేర్చుకొనును. మరియొక బిడ్డ పాట పాడుటవలన నేర్చుకొనును. వేరొక బిడ్డ చేతితో పని చేసినగాని గ్రహింపలేడు. వారి పొర యెటున్నదో చూడక బెత్తముతో అడ్డముగా కొట్టిన బోధకుని చేతిలో మిగులునవి ముక్కలే.

2. జెకర్యా అడిగిన పలక

లూకా సువార్త మొదటి అధ్యాయములో జెకర్యా అను వృద్ధ యాజకుడు దేవదూత మాట నమ్మక మూగవాడాయెను. కుమారుడు పుట్టిన ఎనిమిదవ దినమున బంధువులు కూడి బిడ్డకు తండ్రి పేరే పెట్టగోరిరి. తల్లి కాదనెను. వారు తండ్రికి సైగచేసిరి. అతడు వ్రాతపలక అడిగి, బిడ్డ పేరు యోహాను అని వ్రాసెను. వెంటనే అతని నాలుక సడలెను.

ఆ కాలపు పలకలు చాలవరకు కఱ్ఱవి. కఱ్ఱను కొద్దిగా తొలిచి అందులో మైనము పోసి, మొనగల పుల్లతో దానిమీద గీసెడివారు. ఆ పుల్ల ఒక కొన వాడిగాను, రెండవ కొన బల్లపరుపుగాను ఉండెడిది. తప్పు వ్రాసినయెడల బల్లపరుపు కొనతో మైనమును సరిచేసి మరల వ్రాసెడివారు. అనగా నాటి పలకయు మన పలకవలెనే చెరిపి వ్రాయదగినది. తొమ్మిది నెలలకు పైగా మౌనముగా నుండిన జెకర్యా, నోరు విప్పకముందు, చెరిగిపోవు పలకమీద వ్రాసిన మాట దేవుని మాటకు ఒప్పుకోలు. పలక చిన్నదే, అక్షరములు కొద్దియే; అయినను ఆ వ్రాతతో అతని అవిశ్వాసము ముగిసెను.

మన సంఘములలో వ్రాయ చదువ నేర్వని పెద్దలు ఇప్పటికిని కలరు. జెకర్యా ముసలితనమందు పలక అడుగుటకు సిగ్గుపడలేదు. మీరును సిగ్గుపడనక్కరలేదు. మనుమరాలి ప్రక్కన కూర్చుండి ఆమె పలకమీదనే మీ పేరు వ్రాయ నేర్చుకొనుడి.

3. వెండిమొనతో గీత

ఇప్పుడు దూరదేశపు పని ఒకటి చెప్పుదము. మన పెన్సిలు వాడుకలోనికి రాకముందు ఐరోపా ఖండపు చిత్రకారులు సన్నని వెండి తీగను కఱ్ఱపిడిలో బిగించి, దాని మొనతో బొమ్మలు గీసెడివారు. వట్టి కాగితముమీద వెండి గీత దాదాపు కనబడదు. కావున ఎముకలను కాల్చి, ఆ తెల్లని బూడిదను మెత్తగా నూరి, జిగురునీటితో కలిపి కాగితమునకు పూసి ఆరనిచ్చెడివారు. ఆ పూతకు కంటికి కనబడని గరుకు ఉండును. దానిమీద మొన సాగినప్పుడు వెండి రవ్వంత అరిగి, ఆ గరుకులో చిక్కుకొని సన్నని బూడిదవన్నె గీత యగును.

మన బలపము చేయునదియు ఇదియే. పలక గట్టిది, బలపము మెత్తనిది. పలకమీద బలపము అరిగి తెల్లని గీతను విడుచును. మన తాతలనాటి తాటాకు పుస్తకముల విధము వేరు. అక్కడ ఇనుప గంటము ఆకును గీరి గాడి చేయును. తరువాత మసియో పసరో పూసినగాని అక్షరము స్పష్టముగా కనబడదు. గంటము ఆకును గాయపరచి వ్రాయును. బలపమును వెండిమొనయు తామే అరిగి వ్రాయును.

ఇటలీ దేశమునందు చెన్నీనో చెన్నీని అను చిత్రకారుడు సుమారు 1400వ సంవత్సరమున పని నేర్చుకొనువారికొరకు ఒక గ్రంథము వ్రాసెను. అందులో మొదట నేర్చుకొనువాడు జానెడు కఱ్ఱపలక తీసికొని, కోడి ఎముకలను తెల్లగా కాల్చి రెండు గంటలసేపు నూరి, ఆ పొడిని ఉమ్మితో కలిపి పలకకు పూసి, దానిమీద వెండిమొనతో గీయవలెనని చెప్పెను. చిన్న పలకమీది సాధనకే ఒక సంవత్సరము పెట్టవలెనట. బలపపు గీతను ఉమ్మితో తుడిచి, బొగ్గుతోను దొండాకు పసరుతోను పలకను నల్లగా రుద్దుకొనిన మన పిల్లలకు ఆ ఇటలీ కుఱ్ఱవాండ్రు దూరపువారు కారు.

అయితే వెండిమొనతో కాగితముమీద గీసిన గీతకు రెండు గుణములు కలవు. ఒకటి, అది సులభముగా చెరుగదు. తప్పు గీసినయెడల ఆ తప్పు అక్కడనే నిలుచును. రెండు, కాలము గడచినకొలది అది రంగు మారును. మన ఇండ్లలో వెండి పట్టీలు గాలి తగిలి నల్లబడునట్లు, ఆ గీతయు బూడిదవన్నెనుండి గోధుమవన్నెకు తిరుగును. గీసిననాడు ఉన్న వన్నె తరువాత ఉండదు.

జర్మనీ దేశస్థుడైన ఆల్బ్రెహ్ట్ డ్యూరర్ 1471లో పుట్టెను. అతని తండ్రి బంగారు వెండి పనివాడు. ఆ పిల్లవాడు 1484లో, పదమూడేండ్ల యీడున, అద్దములో చూచుకొని తన ముఖమును వెండిమొనతో గీసికొనెను. తరువాత పెద్దవాడై, ఇది నేను బాలుడనై యున్నప్పుడు గీసినదని ఆ కాగితముమీదనే వ్రాసియుంచెను. ఆ చిత్రము నేటికిని వియన్నా పట్టణమందలి ఆల్బెర్టీనా చిత్రశాలలో ఉన్నది. అయిదు వందల సంవత్సరములు దాటినను ఆ బాలుని ముఖము చెరుగలేదు. ఈ డ్యూరరే 1520, 1521 సంవత్సరములలో నెదర్లాండ్సులో ప్రయాణము చేయుచు వెండిమొనతో గీయుటకై ఒక చిన్న పుస్తకము వెంటబెట్టుకొనెను. మార్టిన్ లూథరును పట్టుకొనిపోయిరను వార్త 1521లో అతనికి చేరినది ఆ ప్రయాణములోనే. దానికి అతడు మిక్కిలి దుఃఖించి తన దినచర్యలో వ్రాసికొనెను.

4. చెరుగు వ్రాత, చెరుగని వ్రాత

ఈ పనిముట్లను మనస్సునందుంచుకొని వాక్యమునకు వత్తము.

యూదా జనుల పాపము ఇనుప గంటముతోను వజ్రపు కొనతోను వారి హృదయముమీద చెక్కబడినదని యిర్మీయా చెప్పెను. ఇది బలపపు గీత కాదు. ఒక మొక్కుబడితోనో, పండుగనాటి కానుకతోనో, కన్నీటితోనో తుడిచివేయవచ్చునని తలంచువారు మోసపోవుదురు. గాడిపడిన రాతిని గుడ్డతో ఎంత తుడిచినను గాడి పోదు.

అయినను దేవుడు యెషయా ద్వారా తన చిత్తము తెలియజేసెను: తన నిమిత్తమే ఆయన మన అతిక్రమములను తుడిచివేయును, మన పాపములను జ్ఞాపకము చేసికొనడు. కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో పౌలు దీనిని అప్పుపత్రముతో పోల్చెను. మనకు విరోధముగా నిలిచిన ఆ పత్రమును దేవుడు తుడిచి, అడ్డములేకుండ తీసి, సిలువకు కొట్టివేసెను. షావుకారు దగ్గర నోటు వ్రాసి వేలిముద్ర వేసినవారికి ఈ మాట బరువు తెలియును. బాకీ తీరిన దినమున నోటు చింపువరకు ఇంటిల్లిపాదికిని నిద్రపట్టదు గదా! మనకు చెరుపుటకు సాధ్యము కాని గంటపువ్రాత, ఆయన చేతిలో పలకమీది బలపపు గీతయాయెను.

అయితే కొందరు ఇక్కడ ఒక తప్పుత్రోవ పట్టుదురు. దేవుడు తుడిచివేసెను గనుక మేము మనుష్యులకు చేసిన కీడు లెక్కకు రాదని వారందురు. కూలి యెగవేసి, ఆదివారమున క్షమాపణ పొందితిమని పాడుదురు. అట్లు కాదు. ఒనేసిమును చేర్చుకొమ్మని ఫిలేమోనుకు వ్రాసిన పౌలు, అతడు నీకేమైన అచ్చియున్నయెడల అది నా లెక్కలో వేయుము, నేనే తీర్చెదనని స్వహస్తముతో వ్రాసెను. దేవుని యెదుట పాపము తుడువబడినది. పొరుగువానికి చేసిన నష్టము మాత్రము తీర్పవలసియే యున్నది. జక్కయ్య రక్షణ పొందిన దినముననే అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇత్తుననెను. పొరుగువాని బ్రదుకుమీద మనము గీసినది వెండిమొన గీత. అది చెరుగదు, ఏండ్లు గడచినకొలది దాని వన్నె ముదురును.

5. పలకలు చేసిన పిల్లలు

ఈ మాటను మనము మన ఊరివిషయమందే పరీక్షించుకొనవలెను. మార్కాపురము పలకలు దేశమంతట బిడ్డలకు అక్షరములు నేర్పిన కాలముననే, మన పిల్లలలో చాలమంది ఆ పలకల పనిలోనే దినము గడిపిరి. పలకకు చట్రము బిగించిన చేయి ఆ పలకమీద అ ఆ లు దిద్దలేదు. తండ్రి చేసిన అప్పు, తల్లి జబ్బు, వాననమ్మిన మెట్టపొలము, ఇవన్నియు కలిసి పిల్లవానిని బడినుండి పనికి నడిపించినవి. తలిదండ్రులను మాత్రమే నిందించుట న్యాయము కాదు. అయితే అట్లు పోయిన బాల్యము మరల రాలేదు.

చట్టము మెల్లమెల్లగా మేలుకొనెను. 1986వ సంవత్సరపు బాలకార్మిక చట్టపు పట్టికలో బలపముల పరిశ్రమయు, బలపములు పెట్టెలలో సర్దు పనియు పిల్లలకు కూడని పనులుగా చేర్చబడినవి. 2009లో చేయబడి 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల బిడ్డలందరికి ఉచిత విద్య హక్కు చేసెను. 2016 నాటి సవరణ పదునాలుగేండ్లలోపు బిడ్డలను ఏ పనికిని పెట్టరాదనెను. బడివేళ దాటిన తరువాత, అపాయము లేని ఇంటిపనిలో సాయపడుట వంటివాటిని మాత్రము విడిచిపెట్టెను. పదునాలుగు దాటి పదునెనిమిది నిండనివారిని గనులలోనికి పంపుటకు వీలులేదు.

పెద్దలకును అపాయము కలదు. పలకరాతిలో సిలికా యున్నది. రాతిని పొడిగా కోసినప్పుడు లేచు దుమ్ములో కంటికి కనబడని రవలు ఊపిరితిత్తులలోనికి పోయి అక్కడనే నిలుచును. ఏండ్లకు ఆయాసము, దగ్గు, బలహీనత కలుగును. దీనిని సిలికోసిస్ అందురు. పాడైన ఊపిరితిత్తిని మరల బాగుచేయు మందు లేదు. మధ్యప్రదేశములోని మంద్‌సౌర్ ప్రాంతమున బలపములు కోసిన కార్మికులలో అనేకులు ఈ వ్యాధికి బలియైన సంగతి దేశమంతట తెలిసినదే. ఇది క్షయవలె కనబడును. ఇది గలవారికి క్షయ సోకుటయు సులభము. లోపలి దుమ్ము, చెరిపివేయరాని గంటపువ్రాతయే. కావున అది పడకమునుపే ఆపవలెను.

ఇప్పుడు బడులలో నోటుపుస్తకములు, ప్లాస్టికు పలకలు వచ్చి రాతిపలక వాడుక తగ్గినది. అయినను మన రాయి నేలకు పరచుటకును గోడలకు అతుకుటకును బండలై, దూరదేశములకు సహితము పోవుచున్నది. కోత ఆగలేదు, దుమ్మును ఆగలేదు.

6. సంఘము చేయవలసినది

మొదటిది: ప్రతి సంఘములో పెద్దలు తమ ఇండ్లన్నిటిని ఒకసారి లెక్క చూడవలెను. ఏ బిడ్డ బడి మానినది? ఎందుచేత? పుస్తకములకు కొరతయా, బాకీయా, తల్లి మంచముపట్టినదా? కారణము తెలిసినయెడల సాయము చేయుటకు త్రోవ దొరకును. బడి మానిన ఆడపిల్లను రెండవ సంవత్సరమున తిరిగి పంపుటకంటె రెండవ వారమున తిరిగి పంపుట తేలిక.

రెండవది: క్వారీలోను ఫ్యాక్టరీలోను పనిచేయు సహోదరులు, సహోదరీలు నీరు చల్లుచు కోయు పద్ధతిని కోరవలెను. మూతికి కట్టిన తువాలు పెద్ద దుమ్మును ఆపునే గాని సన్ననిదానిని ఆపలేదు. దగ్గు విడువనియెడల వైద్యునియొద్దకు పోయి, మొదట తమ పని ఏమో, ఎన్ని ఏండ్లుగా చేయుచున్నారో చెప్పవలెను. ఆ మాట చెప్పనిదే వైద్యుడు క్షయ అని మాత్రమే తలంచు అవకాశము కలదు. సిలికోసిస్‌ను పనివలన కలుగు వ్యాధిగా చట్టము గుర్తించినది.

మూడవది: మనలో పని పెట్టించువారును కలరు. యాకోబు పత్రిక 5:4 వారు చదువవలెను. బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టుననియు, ఆ మొఱ్ఱ సైన్యములకధిపతియగు ప్రభువు చెవులకు చేరుననియు అక్కడ వ్రాయబడియున్నది. శనివారపు కూలి శనివారమే ఇచ్చుట భక్తిలో భాగము.

మన పితరులు ఎక్కడనుండి వచ్చిరో మరువకుడి. కంభము చెరువునుండి సాగిపోవు గుండ్లకమ్మ నదిలోనే, ధాత కరువు తరువాత, 1878 జూలై 3న వెల్లంపల్లి రేవున 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందిరి. వారిలో అక్షరము ఎరుగనివారే హెచ్చు. లోకము ఏ పుస్తకములోను వ్రాసికొనని బీదలు వారు. తమ పేళ్లు ఒకచోట వ్రాయబడియున్నవని వారు నమ్మిరి.

ఆ చోటు ఏది? యెషయా 49వ అధ్యాయములో దేవుడు సీయోనుతో మాటలాడుచు, తన అరచేతులమీదనే ఆమెను చెక్కుకొంటిననెను. మన పాపమును పలకమీది గీతవలె తుడిచిన దేవుడే, మన పేరును మాత్రము చెరుగకుండ తన చేతిలో చెక్కుకొనెను. గంటము ఆకును గాయపరచినట్లు, ఆ వ్రాత ఆయన చేతులకు గాయమాయెను. దానిని చెరుపగలవాడు ఎవడును లేడు.

కావున ప్రియులారా, తుడువవలసినదానిని ఆయనయొద్దకు తెచ్చి తుడిపించుకొనుడి. మనుష్యులకు తీర్పవలసినది తీర్చుడి. మీ చేతికి అప్పగింపబడిన ప్రతి బిడ్డమీదను వెండిమొన పట్టినవానివలె మెల్లగా, భయముతో గీయుడి.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. జెకర్యా పలకమీద వ్రాసిన పేరునకును, అతని నాలుక సడలుటకును గల సంబంధమేమి?
2. దేవుని క్షమాపణ పొందినవాడు పొరుగువాని నష్టమును ఎందుకు తీర్పవలెను? జక్కయ్యవలనను, ఫిలేమోను పత్రికవలనను చూపుడి.
3. మన సంఘములో బడి మానిన బిడ్డలు ఎందరు? ఈ నెలలో ఒక్కరినైనను తిరిగి పంపుటకు మనమేమి చేయగలము?
4. దుమ్ములో పనిచేయువారికొరకు ప్రార్థించుటతోపాటు చేయదగిన సాయమేమి?

ప్రార్థన

ప్రభువా, మా అతిక్రమములను తుడిచి మా పేళ్లను నీ అరచేతులమీద నిలుపుకొన్నందుకు స్తోత్రము. రాతిపనిలో నలిగిన వారి ఊపిరిని కాపాడుము. మా బిడ్డల చేతికి పలకయు, మా చేతికి న్యాయమును, మా హృదయములమీద నీ వ్రాతయు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.